తోంచి చిత్రంలో పావెల్ చక్రవర్తి ధరించినది ఏ కిరీటం?

ఇటలీ చిత్రకారుడు సాల్వతోరె తోంచి తైలవర్ణాలతో వేసిన చిత్రంలో రష్యా చక్రవర్తి మొదటి పావెల్ తలపై ఉన్నది రష్యా రాజకిరీటమేనా, ఆ చిత్రానికి నకలు వేయదలచినవారు ముందుగా ఏమి గమనించాలి అని మీరు అడిగారు. తైలవర్ణాలు అభ్యసించే రోజుల్లో పెద్ద ముద్రణ ప్రతిని ఎదుట పెట్టుకుని నేను ఆ చిత్రానికి నకలు వేశాను.

అది రష్యా కిరీటం కాదు, మాల్టా వీరులనే కాథలిక్ సన్యాసి యోధుల సంఘానికి అధిపతి ధరించే కిరీటం. 1798 జూన్‌లో నెపోలియన్ మాల్టా ద్వీపాన్ని ఆక్రమించుకోగా నిలువనీడ లేకుండా పోయిన ఆ కాథలిక్ సంఘానికి, అప్పటి రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్‌లో ఉన్న సభ్యులు కొందరు అదే ఏడాది పావెల్‌ను అధిపతిగా ఎన్నుకున్నారు. ఆయన ఆర్థడాక్స్ క్రైస్తవుడు, పైగా సంసారి. అందువల్ల పోప్ ఆ ఎన్నికను గుర్తించలేదు. పావెల్ మాత్రం ఆ పదవిని ఎంతో గొప్పగా భావించి, 1799లో ఆ సంఘపు గుర్తయిన మాల్టా శిలువను రష్యా రాజచిహ్నంలో చేర్చాడు. 1801 మార్చిలో ఆయన హత్యకు గురయ్యాక, కొడుకు అలెగ్జాండర్ దానిని తీసివేయించాడు. కాబట్టి ఈ వేషంలో ఆయన ఎదురుగా కూర్చోగా వేసిన చిత్రమేదైనా ఆ రెండు మూడేళ్లలోనిదే కావాలి.

ఇక నకలు సంగతి. బొచ్చు అంచున్న రాజవస్త్రం ఎంత కష్టంగా కనిపించినా, పద్ధతి తెలిస్తే లొంగుతుంది. ముందు నీలం కలిసిన బూడిదరంగుతో నీడలు పరచి, అవి ఆరాక వెలుగు పడే చోట్ల మాత్రమే తెలుపును చిక్కగా పెట్టాలి. (తోంచికి బొచ్చు వేయడం సరదా కాబోలు, 1801లో కవి దెర్జావిన్‌ను మంచులో, బొచ్చుకోటు, బొచ్చుటోపీలతో కూర్చోబెట్టాడు.) అసలు పరీక్ష ముఖం దగ్గరే. పావెల్‌ది పొట్టి చప్పిడి ముక్కు. ఆయన కాలంలో చలామణీ అయిన రూబుల్ నాణేలపై ఆయన ముఖమే ఉండదు, పేరులోని అక్షరాల అల్లిక ఉంటుంది. ముక్కు వల్లనే అలా చేయించాడని లోకం చెప్పుకుంటుంది గానీ నేను దానిని అంతగా నమ్మను. తోంచి ఆ ముక్కును చక్కదిద్దే ప్రయత్నమేమీ చేసినట్లు నాకు కనిపించలేదు. నకలు వేసే చేయి మాత్రం తెలియకుండానే దానిని కాస్త పొడిగిస్తుంది, అంతటితో ఆ మనిషి మారిపోతాడు. అందుచేత కిరీటం, వస్త్రాల జోలికి పోకముందే ముఖాన్ని ఒకే రంగు ఛాయల్లో విడిగా వేసి, పోలిక కుదిరిన తర్వాతే కాన్వాసు మీదికి వెళ్లండి.