ఇంట్లోని కంప్యూటర్‌లో ఏ పోర్టులు (ప్రోగ్రాంలు నెట్‌వర్క్‌తో మాట్లాడే, నంబర్లున్న ద్వారాలు) తెరిచి ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘నెట్‌స్టాట్ -ఏఎన్ఓ’ అని కొడితే, ‘లిజనింగ్’ అని చూపే ప్రతి వరుసా తెరిచి ఉన్న ఒక టీసీపీ (నెట్‌వర్క్‌లో సమాచారం పంపే ఒక పద్ధతి) పోర్టు. పోర్టు దానంతటదే తెరుచుకోదు. ఏదో ఒక ప్రోగ్రాం ఆ నంబరు దగ్గర పిలుపు కోసం కాచుకుని ఉంటుంది. వరుస చివరి సంఖ్యను టాస్క్ మేనేజర్‌లో వెతికితే ఆ ప్రోగ్రాం పేరు దొరుకుతుంది.

తిరుపతి భవానీ నగర్‌లో ఒక ఇంట్లో రెండు కంప్యూటర్లు ఫైళ్లు పంచుకుంటున్నాయనుకోండి, 445 నంబరు పోర్టు కనిపిస్తుంది. అది మామూలే, కంగారు అక్కర్లేదు. పోర్టు నంబరు పక్కన 127.0.0.1 అనే చిరునామా ఉంటే ఆ కంప్యూటర్‌కే పరిమితం, 0.0.0.0 ఉంటే, ఫైర్‌వాల్ (బయటి పిలుపులను అడ్డుకునే రక్షణ) ఆపకపోతే, ఇంటి వైఫైలోని ఇతర పరికరాలూ దాన్ని చేరగలవు.

పోర్టులు పరీక్షించే వెబ్‌సైటు ‘అన్నీ మూసి ఉన్నాయి’ అంటే కంప్యూటర్‌లో ఏదీ తెరిచి లేదని చాలామంది పొరబడతారు. అది సాధారణంగా చూసేది రౌటర్‌ను మాత్రమే.