నీ వంతు ప్రార్థన

అమ్మాయ్,

ప్రభువు నామంలో వందనాలు. మీ ఆయన పోయి ఎనిమిది నెలలైనా మోకాళ్ళూనితే నోట మాట రావట్లేదనీ, గుడికి వెళ్ళడం మానేశాననీ ఫోన్లో ఏడ్చావు. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. అందుకే రాస్తున్నాను.

మాది దివిసీమ కదా. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన మా చిన్నాన్ననీ, ఆయన ఇద్దరు పిల్లల్నీ తీసుకుపోయింది. మర్నాడు ఆదివారం, గంట కొట్టడానికి గుడే లేదు. బురదలో దొరికిన బైబిల్ని నాన్న తాటాకు చాప మీద ఎండబెట్టాడు. ఉప్పునీళ్ళకి ఉబ్బి, కాగితాలు అట్టకట్టుకుపోయి, కీర్తనల దగ్గర తెరుచుకోనే లేదు. ఆయన నోరూ అంతే, ఏడాది దాకా. పాకలో కూటం పెడితే వెనక గుంజకి ఆనుకుని కూర్చునేవాడు. పాట లేదు, ఆమెన్ లేదు. నాయనమ్మ మాత్రం తన ప్రార్థన అయ్యాక మళ్ళీ మొదలుపెట్టేది, "ఇది వాడి వంతు" అని.

మార్కు రెండో అధ్యాయం తీసి చూడు. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దింపారు. యేసు చూసింది "వారి" విశ్వాసం. మంచం మీదున్నవాడికి ఎంత ఉందో రాయలేదు. నువ్విప్పుడు మంచం మీదున్నావు. మొయ్యనివ్వు. గుడికెళ్ళి వెనక కూర్చో, పాడకపోయినా ఫర్వాలేదు.

దేవుడి మీద కోపముంటే ఆయనకే చెప్పు. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అని నిలదీస్తుంది. 88వదైతే చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. దాన్నీ బైబిల్లోంచి తీసెయ్యలేదుగా.

"విశ్వాసం తక్కువై ఇలా అయింది" అనేవాళ్ళకి టీ ఇచ్చి పంపెయ్. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతవరకూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే పాడుచేశారు! ప్రత్యేక కానుక మొక్కుకుంటే మనసు కుదుటపడుతుందనేవాడొస్తే మాత్రం టీ కూడా ఇవ్వకు. పిల్లల ఫీజు డబ్బు అది.

నిద్ర పట్టట్లేదన్నావు, డాక్టరుకి చూపించుకో. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని చచ్చిపోతానంటే దేవుడు ముందు ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ తినిపించాడు. మాటలు ఆ తరవాతే.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. రొయ్యపొట్టు తెస్తాను, నువ్వు అన్నం వార్చి ఉంచు. ఆదివారం ఇద్దరం వెనక బెంచీలో కూర్చుందాం. నీ వంతు నేను చేస్తాలే.

మీ పెద్దమ్మ