గుడ్డకి రంగు అంటేదాకా ఆగకమ్మా

విజయవాడ

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు కారు బుక్ చేశావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నీ జీతంతో, నీ పేరు మీద. మీ పెద్దమ్మకి చెబితే అప్పటికప్పుడు లేచి దేవుడి దగ్గర దీపం పెట్టింది. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల కార్లకి రంగులు వేసిన ఇల్లమ్మా మనది. షోరూంలో కొత్త కారు తాళం అందుకున్న మనిషి నీకంటే ముందు మన ఇంట్లో ఎవరూ లేరు.

ఆ సంతోషంలో ఉండగానే ఇంకో మాట చెప్పాడు. నలుపు రంగు తీసుకుంటున్నావట. పాలిషూ కోటింగూ అన్నీ నువ్వే చేసుకుంటావట. నువ్వు కొనబోయే సామాన్ల లిస్టు వాట్సాప్‌లో పంపాడు. గిర్రున తిరిగే రోటరీ పాలిషర్, ఊలు ప్యాడ్, పైపొరని అరగదీసే కటింగ్ కాంపౌండ్, సిరామిక్ కోటింగ్ సీసా. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారగానే కాగితం ముందేసుకుని కూర్చున్నా.

సొంతంగా చేసుకోవడం తప్పని అనను. నీ వస్తువు మీద నీ చెయ్యి పడితే నీకు దాని సంగతి తెలుస్తుంది. కానీ ఆ లిస్టులో మొదటి మూడూ తీసెయ్. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఇప్పటి కారు రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన కారుకి ఇవన్నీ కలిపి కొలిస్తే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు 40 మైక్రాన్లు అటూ ఇటూ. నీ తలవెంట్రుక ఒకటి పీకి వేళ్ల మధ్య పట్టుకుని చూడు. ఆ మందంలో ఇంచుమించు సగం. కారు మెరుపంతా ఆ సగం వెంట్రుకలోనే ఉంది. ఎండని ఆపేదీ అదే. పాలిష్ చేశామంటే దాన్నే కాస్త అరగదీశామని అర్థం. గీత పోయిందంటే, గీత ఎంత లోతుందో చుట్టూ అంత లోతు తీసేశామన్నమాట. అరిగినది మళ్లీ పెరగదు.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. 1996 ఎండాకాలంలో తెలిసింది.

అప్పటికి ఆటోనగర్‌లో నా పేరు చెబితే పది షెడ్లలో గుర్తుపట్టేవాళ్లు. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద, పద్మిని కార్ల మీద. వాటికి పైన క్లియర్ కోటు లేదు, రంగే పైపొర. ఎండకి రంగు సుద్దలా తెల్లబడేది. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి గుడ్డతో రుద్దితే చచ్చిన రంగు గుడ్డకి అంటేది, కింద నుంచి కొత్త రంగు పైకి తేలేది. గుడ్డకి రంగు అంటిందంటే పని జరుగుతోందని లెక్క. మా మేస్త్రీ నా చేతిలో గుడ్డ లాక్కుని, వెలుతురులో పెట్టి చూసి, రంగు సరిపోలేదని మళ్లీ రుద్దించేవాడు. పన్నెండేళ్లు ఆ లెక్కతోనే బతికాను.

ఆ ఎండాకాలం ఒకాయన ముదురు నీలం మెటాలిక్ కారు తెచ్చాడు. కొని ఏడాదిన్నర అయిందేమో. వాళ్లమ్మాయి పెళ్లికి ఇంకా రెండు రోజులుంది. పెళ్లికూతుర్ని అందులోనే తీసుకెళ్తామని, అద్దంలా మెరవాలని అడిగాడు. నాకప్పుడు కొత్తగా రోటరీ మిషన్ వచ్చింది, చేత్తో రోజంతా పట్టే పని గంటలో అయిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి, రేకుల షెడ్డులో, ముట్టుకుంటే చురుక్కుమనే బానెట్ మీద ముతక కాంపౌండ్ పూసి ఊలు ప్యాడ్ పెట్టాను.

ప్యాడ్ చూస్తే తెల్లగానే ఉంది. రంగు రాలేదు కదా, ఇంకా పని జరగలేదనుకున్నాను. ఇంకాస్త నొక్కాను. బానెట్ మధ్యలో పొడుగ్గా ఒక మడత ఉంటుంది చూడు, సరిగ్గా దాని మీద మిషన్ తిరుగుతుంటే ప్యాడ్ అంచుకి నీలం కనబడింది. ఆ అర క్షణం సంతోషించానమ్మా, పని మొదలైందని. మిషన్ ఎత్తి చూస్తే మడత మీద రూపాయి బిళ్లంత మచ్చ. చుట్టూ అద్దంలా ఉంది, అక్కడ మాత్రం తడిసి ఆరిన పలకలా ఉంది. క్లియర్ కోటు దాటి రంగులోకి దిగిపోయాను. క్లియర్ కోటు కారుకి గుడ్డ మీద రంగు వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైపోయిందని అర్థం. పన్నెండేళ్లు ఏ గుర్తుని నమ్మానో, ఆ కారు మీద అదే గుర్తు నన్ను ముంచింది.

తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. ఆయనకి చెప్పలేదు. మచ్చ మీద వాక్స్ దట్టంగా పూసి మెరిపించి సాయంత్రం కారు ఇచ్చేశాను. ఆయన చేతులు పట్టుకుని మెచ్చుకుని, పెళ్లికి రమ్మని కార్డు కూడా ఇచ్చాడు. వెళ్లలేకపోయాను.

రెండు నెలలకి కారు తిరిగొచ్చింది. వాక్స్ పోయింది, రూపాయి బిళ్లంతది అరచేయంత అయింది. దాని అంచు చుట్టూ క్లియర్ కోటు పొరలుగా లేస్తోంది. ఆయన కేకలెయ్యలేదు. "ఆ రోజే తెలుసా నీకు?" అని అడిగాడు. తెలుసన్నాను. ఆయన కాసేపు కారు వైపే చూసి, తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మచ్చ ఒక్కదానికే రంగేస్తే కుదరదు. బానెట్ మొత్తం వెయ్యాలి. మెటాలిక్ కాబట్టి పక్కన రెండు ఫెండర్ల మీదకి రంగు కలుపుకుంటూ పోవాలి. నా దగ్గర అంత డబ్బు లేదు. మీ నాన్న అప్పుడు డిగ్రీ రెండో ఏడు. వాడి ఫీజుకి దాచిన డబ్బు ఇనప్పెట్టెలో ఉంటే వాడే తీసుకొచ్చి ఇచ్చాడు. ఆ డబ్బు తిరిగి పోగయ్యేదాకా కాలేజీ అవగానే షెడ్డుకొచ్చి నాతో వాటర్ పేపర్, అదే తడిపి రుద్దే గరుకు కాగితం, పట్టాడు. నీళ్లలో నాని నాని వాడి వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయేవి. అన్నం కలుపుకోవడానికి మంటపుడుతోందని స్పూన్ అడిగేవాడు. ఇవాళ్టిదాకా ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నీకు చెప్పి ఉండడు. తెలుసుకో, అందుకే రాస్తున్నా.

కాబట్టి కొత్త కారుకి కటింగ్ కాంపౌండ్ అనే మాటే వద్దు. నెమ్మది రకంతో మొదలుపెట్టాలి, అది చాలకపోతేనే ఒక మెట్టు పైకి. ఎప్పుడైనా పాలిష్ అవసరం పడితే డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొను. అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, ఒకేచోట వేడి పుట్టదు, ఎక్కువ నొక్కితే తిరగడం ఆగిపోతుంది. దానికి మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ చాలు. మడతలకీ అంచులకీ మాస్కింగ్ టేపు వెయ్యి. ముందు డిక్కీ మూత మీద జానెడు చోట చేసి చూసుకో.

అసలు పాలిష్ దాకా రానివ్వకుండా చూసుకునేది కడగడంలో ఉంది. నలుపు మీద కనబడే సాలెగూడు లాంటి గీతల్లో చాలావరకు కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ పడ్డవే. నువ్వుండేది వైజాగ్. సముద్రపు ఉప్పు, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు పొడి, ఖనిజం దుమ్ము. ఇది ఉండగా పొడిగుడ్డతో తుడిచావంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దింపు, కింద భాగం కూడా కడుగు, ఉప్పు ముందు పట్టేది అక్కడే. పీహెచ్ న్యూట్రల్ అని రాసి ఉన్న కార్ షాంపూ కొను, సీసా మీద చెప్పిన కొలతే కలుపు. అంట్ల సబ్బు, బట్టల పొడి వద్దు, కారు మీద పూసిన వాక్స్‌ని కూడా తీసుకుపోతాయి. బకెట్లు రెండు పెట్టుకో, ఒకదాంట్లో షాంపూ, రెండోదాంట్లో మిట్టు, అదే కారు రుద్దే మెత్తటి చేతి తొడుగు, జాడించడానికి ఉత్త నీళ్లు. పైనుంచి కిందకి రావాలి.

బోరు నీళ్లయితే ఎండలో అసలు కడగొద్దు. ఆరిన చుక్క తెల్లటి సున్నపు మరక అవుతుంది, నలుపు మీద ఆమడ దూరానికి కనిపిస్తుంది. కడిగిన వెంటనే ఒత్తుగా ఉండే పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి నీళ్లు లాగించు. ఆ టవళ్లని మామూలు బట్టలతో కలిపి ఉతక్కు, నూలు పోగులు పట్టేస్తాయి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వెయ్యకు, నీళ్లు పీల్చడం మానేస్తాయి. ఒకసారి కిందపడిన గుడ్డ మళ్లీ కారు మీదకి రాకూడదు.

క్లే బార్, అదే రంగుకి అతుక్కున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద, దాని గురించి అడిగావట. కడిగాక పలచటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా జరుపు. ఇసక తగిలినట్టు గరగరలాడితే క్లే అవసరం, నున్నగా జారితే అక్కర్లేదు. చేస్తే బాగా జారుడుగా తడిపి చెయ్యి. క్లే కిందపడితే పారెయ్, జాలిపడకు.

పైన రక్షణకి ఏం పూయాలన్నది నీ అసలు ప్రశ్న. కార్నూబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒకరకం తాటిజాతి చెట్టు ఆకుల మైనం. నలుపు మీద అది ఇచ్చే నిండుదనం నాకు చాలా ఇష్టం, కానీ మన ఎండకి నెలో రెండు నెలలో, అంతే. సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు నిలుస్తుంది. పూయడం తేలిక, తప్పు చేసినా నష్టం లేదు. ఈ ఏడాదికి నువ్వు కొనాల్సింది అదే. నీళ్లు తామరాకు మీద జారినట్టు జారుతున్నంతకాలం పనిచేస్తోందని లెక్క, బానెట్ మీద పలచగా పరుచుకుంటే మళ్లీ పూయి.

సిరామిక్ మంచిదే, ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ అది పూసేముందు ఉన్న గీతల్ని లోపలే పెట్టి మూత వేసినట్టవుతుంది. చిన్న చిన్న భాగాలుగా పూసి, పైన ఇంద్రధనస్సు రంగులు తేలగానే తుడవాలి. కాస్త ఆలస్యమైతే మచ్చ గట్టిపడుతుంది, దాన్ని తియ్యాలంటే మళ్లీ పాలిషే. వైజాగ్ ఉక్కపోతలో ఆ అదను పట్టుకోవడం పాతచేతికే కష్టం. సీసా మీద 9హెచ్ అని చూసి రాయి తగిలినా ఏమీ కాదనుకోకు, ఆ అంకె పెన్సిల్ గీతల పరీక్షది. రాళ్ల దెబ్బకి పీపీఎఫ్, అంటే రంగు మీద అతికించే పారదర్శక ఫిల్మ్, ఒక్కటే అడ్డు. డబ్బు మిగిలితే ముందు బంపరుకి, బానెట్ ముందు అంచుకి వేయించు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. కోటింగ్ వాసన, వీల్ క్లీనర్ వాసన పీల్చకు. నేను పాతికేళ్లు ముక్కుకి జేబురుమాలు కట్టుకుని స్ప్రే చేశాను. రెండు సీసాల పెయింట్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయని, అవి ఆస్తమా తెస్తాయని నాకు డాక్టరు చెప్పేసరికి నా ఊపిరి సగమైంది. ఇప్పుడు మేడ మెట్లెక్కాలంటే ముందు ఇన్‌హేలర్ కొట్టుకోవాలి. నీ సీసాలు అంత ఘాటువి కాకపోవచ్చు. అయినా సాల్వెంట్లు ఉంటాయి. గాలి ఆడేచోట పనిచెయ్యి, నైట్రైల్ గ్లౌజులు వేసుకో, కార్బన్ ఫిల్టరున్న మాస్కు పెట్టుకో. గుడ్డ మాస్కు ఆవిర్లని ఆపదు. యాసిడ్ అని రాసి ఉన్న వీల్ క్లీనర్ ఏదీ ఇంట్లోకి తేకు. లిస్టులో ఏది తగ్గించినా ఈ మాస్కు తగ్గించకు తల్లీ. డబ్బు చాలకపోతే నేను పంపిస్తా.

పావురం రెట్ట వేస్తే సాయంత్రం చూద్దామనుకోకు, అందులో యూరిక్ యాసిడ్ ఉంటుంది. తడిగుడ్డ దాని మీద ఐదు నిమిషాలు పరిచి, నానాక ఎత్తెయ్. రుద్దొద్దు. టైర్లకి డీజిల్ పుయ్యమని ఎవరైనా చెబితే వినకు.

డెలివరీ తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి. కారుని కడగొద్దనీ, తుడవొద్దనీ, దుమ్ముతోనే ఇమ్మనీ షోరూంలో ముందే కాగితం మీద రాయించు. నేను రత్నాచల్ రైలెక్కి వస్తాను. నా దగ్గర పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంది. నువ్వు సంతకం పెట్టకముందే నాలుగు తలుపులూ బానెట్టూ డిక్కీ కొలిచి చూద్దాం. ఎక్కడైనా అంకె పక్కదానికంటే బాగా పెరిగితే అక్కడ మళ్లీ రంగు పడిందేమో అడగాలి. మొదటి కడుగు మనిద్దరం కలిసి కడుగుదాం. మీ నాన్నని కూడా రమ్మను. బకెట్ వాడు పట్టుకుంటాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న

మరిచాను. మీ అపార్ట్‌మెంట్‌లో తెల్లారి కార్లు తుడిచే అబ్బాయి ఉంటాడు కదా, ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పది కార్లు. కారు వచ్చిన రోజే అతనితో మంచిగా మాట్లాడు. నెలకిచ్చే డబ్బు అతనికి ఇచ్చెయ్, అద్దాలూ చక్రాలూ మాత్రం తుడవమను.