జపనీస్ పదాలు 1500 వచ్చినా మాట అందట్లేదా?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. జపాన్‌లో ఉద్యోగం చేయాలన్న ఆశతో మూడు నెలలుగా సొంతంగా జపనీస్ నేర్చుకుంటున్నాను. పదాల కార్డులను మరిచిపోకుండా మళ్ళీ మళ్ళీ చూపించే ఆంకీ యాప్‌లో రోజుకు 20 కొత్త పదాల చొప్పున 1500 కార్డులు దాటాయి. అయినా చిన్న సంభాషణ విన్నా ఏమీ పట్టుకోలేకపోతున్నాను. ఇప్పుడు రివిజన్‌కి 400 కార్డులు పేరుకుపోయాయి. ఇది నా వల్ల కాదేమో అనిపిస్తోంది. రోజువారీ పదాలు నిలబడాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ వల్ల కాకపోవడం కాదు, లెక్క దగ్గర పొరపాటు జరిగింది. రోజుకు 20 అన్నది ఆంకీలో ముందే ఉండే సెట్టింగ్. మీ తీరికను బట్టి పెట్టిన అంకె కాదు. రోజూ ఎన్ని కొత్త కార్డులు వేసుకుంటే, కొన్ని వారాలకి దానికి సుమారు ఏడు నుంచి పది రెట్లు రివిజన్ వస్తుంది. 20 వేసుకున్నవారికి రోజుకు 150 నుంచి 200 అన్నమాట. పరీక్షలొచ్చి రెండు రోజులు వదిలేస్తే 400 అవడంలో వింత లేదు.

ఇవాళే కొత్త కార్డుల సంఖ్య సున్నా చేయండి. రెండు వారాలపాటు పాతవి మాత్రమే, అవీ రోజుకు 100కి మించకుండా చూడండి. ఎనిమిదిసార్లు మరిచిపోయిన కార్డుకి ఆంకీ 'లీచ్' అని గుర్తు వేస్తుంది, సెట్టింగ్‌ని బట్టి తనే పక్కన పెట్టేస్తుంది. దాన్ని పట్టుబట్టి వెనక్కి తెచ్చుకోవద్దు. ఆ పదం ఎక్కడైనా వాక్యంలో ఎదురైనప్పుడు ఆ వాక్యంతో కొత్త కార్డు చేసుకోండి. కుప్ప కరిగాక రోజుకు 8 లేదా 10 కొత్త పదాలతో మళ్ళీ మొదలుపెట్టండి. నెలకు 250 దాకా వస్తాయి. తక్కువనిపించినా ఇవి నిలబడే 250.

ఇక అసలు సంగతి. మీ కార్డు మీద 'దెన్‌కి' అంటే 'లైటు' అని ఉండి ఉంటుంది. ఇంట్లో ఎవరూ 'లైటు' అని ఊరుకోరు కదా. వెయ్యమంటారు, ఆర్పమంటారు. కాబట్టి కార్డు మీద ఉండాల్సింది 'దెన్‌కి ఒ త్సుకెరు' (లైటు వేయడం), 'దెన్‌కి ఒ కెసు' (లైటు ఆర్పడం). ఆ పక్కనే 'దెన్‌కి గ కిఎరు', అంటే లైటు దానంతటదే ఆరిపోవడం. మనకు 'ఆర్పు', 'ఆరు' ఉన్నట్టే వాళ్ళకు 'కెసు', 'కిఎరు'. 'తెరవడం', 'తెరుచుకోవడం' ఉన్నట్టే 'అకెరు', 'అకు'. ఇలాంటి జంటలు రోజువారీ మాటల్లో అడుగడుగునా వస్తాయి. ఒక్కొక్కటీ విడిగా నేర్చుకున్నవారు ఆర్నెల్ల తర్వాత కూడా తడబడతారు. జంటగా, ముందు ఒక నామవాచకం పెట్టి నేర్చుకుంటే తడబాటు చాలావరకు తగ్గుతుంది. 'ఒ' వస్తే ఎవరో చేశారని, 'గ' వస్తే అదే జరిగిందని చెవి క్రమంగా పసిగడుతుంది.

మీ మాతృభాష ఇక్కడ మీకు ఎంత ఆసరానో గమనించారో లేదో. చాలామంది తెలుగువాళ్ళు ఇంగ్లిష్ అర్థాల మీదుగా జపనీస్ నేర్చుకుని ఈ ఆసరా పోగొట్టుకుంటారు. ఇంగ్లిష్‌లో బట్టలు, చెప్పులు, టోపీ, కళ్ళద్దాలు అన్నిటికీ ఒకటే క్రియ సరిపోతుంది. మనం చొక్కా వేసుకుంటాం, చీర కట్టుకుంటాం, కళ్ళద్దాలు పెట్టుకుంటాం. జపనీస్ కూడా అంతే: చొక్కాకు 'కిరు', ప్యాంటుకూ బూట్లకూ 'హకు', టోపీకి 'కబురు', కళ్ళద్దాలకు 'కకెరు'. వాతావరణం చలిగా ఉంటే 'సముయి', నీళ్ళు చల్లగా ఉంటే 'త్సుమెతయి'. మన అమ్మ గురించి బయటివాళ్ళతో చెప్పేటప్పుడు 'హహ', ఎదుటివారి తల్లిగారైతే 'ఒకాసన్'. ఇంట్లోంచి బయల్దేరుతూ వాళ్ళనే 'ఇత్తెకిమసు'ను విడదీసి చూడండి, అచ్చంగా మన 'వెళ్ళొస్తాను'. కార్డు వెనక అర్థం తెలుగులో రాసుకోండి. ఈ ఒక్క మార్పుతో బట్టీ పట్టాల్సింది చాలా తగ్గుతుంది.

ఉచ్చారణలోనూ అదే మేలు. మనకు ఎ-ఏ, ఒ-ఓ తేడా పుట్టుకతో వచ్చింది, ద్విత్వాక్షరాలూ అలవాటే. 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస. 'ఒబాసన్' అంటే అమ్మమ్మ, నానమ్మ. 'బిరు' అంటే భవనం, 'బీరు' అంటే తాగే బీరు. నెలలో 4వ తేదీని 'యొక్క' అంటారు, మన షష్ఠీ విభక్తి 'యొక్క' ఎలా పలుకుతామో అలాగే. 8వ తేదీ 'యోక'. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నవారికి ఈ రెండూ కలిసిపోయి ఇంటర్వ్యూ తేదీ తప్పే ప్రమాదం ఉంది. జపనీస్ 'త్సు' చాలామందికి కష్టమంటారు. 'చుక్క' అనేటప్పుడు మొదటి అక్షరాన్ని ఇంట్లో పెద్దవాళ్ళు దంత్యంగా ఎలా పలుకుతారో వినండి, దాదాపు ఆ ధ్వనే. 'చి' మాత్రం మన 'చిన్న'లోని 'చి'.

అయితే మరి వింటే ఎందుకు అందట్లేదు? రాత ఒకలా, మాట ఒకలా ఉంటుంది గనుక. కొన్ని చోట్ల 'ఇ', 'ఉ' గొంతులోనే కరిగిపోతాయి. 'దెసు' అని రాస్తారు, 'దెస్' అని వినపడుతుంది. 'తకుసన్' (చాలా) అన్నది 'తక్‌సన్' అవుతుంది, 'గకుసే' (విద్యార్థి) 'గక్‌సే' అవుతుంది. మీరు కళ్ళతో నేర్చుకున్న 1500 పదాల్లో చాలా వాటిని మీ చెవి ఇంకా కలుసుకోలేదు. అందుకే ఆడియో లేని కార్డు ఇకమీదట ఒక్కటీ చేయొద్దు. ముందు వైపు వాక్యం వినపడాలి, ఆ తర్వాతే అక్షరాలు కనపడాలి. స్వరం ఎత్తు పల్లాలు కూడా అలాగే అబ్బుతాయి. టోక్యో మాటలో 'అమె'లో మొదటి అక్షరం ఎత్తితే వాన, రెండోది ఎత్తితే చప్పరించే మిఠాయి. ఈ నియమాలను ఇప్పుడే కంఠతా పట్టక్కర్లేదు, విన్నది విన్నట్టు అనండి చాలు.

ఇక్కడ సౌకర్యం కోసం అన్నీ తెలుగు లిపిలో రాశాను. మీ కార్డుల్లో మాత్రం జపనీస్ అక్షరమాలలైన హిరగానా, కతకానాలే ఉండాలి. ఒక్కోదాంట్లో 46 మూలాక్షరాలు, రెండూ కలిపి రెండు మూడు వారాల పని.

కతకానాలో రాసే అరువు పదాలు చూసి 'ఇవి తెలిసినవేలే' అని దాటేయకండి. 'మన్‌షొన్' అంటే భవంతి కాదు, మామూలు ఫ్లాటు. 'కొన్‌సెన్‌తొ' అంటే గోడకుండే ప్లగ్ పాయింటు. 'హన్‌దొరు' అంటే స్టీరింగు. ఆఫీసులో 'కురేము' వచ్చిందంటే కస్టమర్ ఫిర్యాదు చేశారని. అర్థమైందనుకుని తల ఊపేస్తే ఉద్యోగంలో చిక్కు వచ్చేది ఇలాంటి మాటల దగ్గరే.

కంజీ (చైనా లిపి నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరాలు) విషయంలో ఒక్క సూచన. జపాన్ ప్రభుత్వ జాబితాలోని 2136 కంజీలను వరసగా మొదలుపెట్టొద్దు. తెలిసిన మాటల గుంపు నుంచి రండి. 'దెన్‌ష' (రైలు), 'దెన్‌వ' (ఫోను), 'దెన్‌కి', 'దెన్‌చి' (బ్యాటరీ) నాలుగింటికీ ముందున్న అక్షరం ఒకటే, దాని అర్థం విద్యుత్తు. నాలుగు మాటలు ముందే వచ్చి ఉంటే ఆ అక్షరం సులువుగా గుర్తుండిపోతుంది.

రోజుకు ముప్పావుగంట చాలు. 20 నిమిషాలు రివిజన్, 10 నిమిషాలు కొత్త వాక్యాలు, మిగతా 15 నిమిషాలు ఒకే ఒక్క నిమిషం నిడివి ఉన్న సంభాషణ. వారమంతా అదే. మొదటి రెండు రోజులు రాత చూడకుండా వినండి. తర్వాత రాతతో సరిచూసుకుని, ఏ మాట జారిపోయిందో గుర్తు పెట్టుకోండి. మిగతా రోజులు గొంతు కలిపి పలికి, ఫోన్‌లో రికార్డు చేసి పోల్చుకోండి. ఇందుకు జపాన్ ఫౌండేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తున్న 'ఇరొదొరి' పాఠాలు సరిగ్గా సరిపోతాయి. జపాన్‌లో బతుకుతూ పని చేసుకునేవారి అవసరాల మీదే అల్లిన పాఠాలు, ఆడియోతో సహా దొరుకుతాయి.

ఉద్యోగం మాటకొస్తే, జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షకు సులువైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 దాకా ఐదు స్థాయిలున్నాయి. జూలైలో, డిసెంబరులో జరుగుతుంది. 2010లో పరీక్ష మారినప్పటి నుంచి అధికారిక పదాల జాబితా అంటూ లేదు. ఎన్5కి 800, ఎన్4కి 1500 అని తిరిగే అంకెలన్నీ అంచనాలే. కాబట్టి 1500 కార్డులు దాటాయి గనుక ఎన్4 వచ్చేసిందని అనుకోవద్దు. పైగా ఆ పరీక్షలో మాట్లాడే విభాగమే లేదు. 2019లో మొదలైన 'తొకుతే గినో' (నిర్దిష్ట నైపుణ్యం ఉన్న కార్మికుల) వీసాకు చాలా రంగాల్లో భాష వరకు ఎన్4 గానీ, జపాన్ ఫౌండేషన్ పెట్టే జేఎఫ్‌టీ-బేసిక్ పరీక్ష గానీ సరిపోతుంది. ఆఫీసు ఉద్యోగాలకు ఎక్కువగా ఎన్2 అడుగుతారు. రెండిట్లోనూ ఇంటర్వ్యూలో నోరు తెరవాల్సిందే. మీరు రెండో ఏడాదిలోనే ఉన్నారు, డిగ్రీ పూర్తయ్యేలోపు ఎన్4 సొంతంగా సాధించుకోవచ్చు. ఎన్2 అంతకంటే చాలా దూరం, దానికి విడిగా సమయం కేటాయించుకోవాలి.

క్లాసులో చేరాలా అన్న సందేహం కూడా ఉండే ఉంటుంది. పదాల కోసమైతే అక్కర్లేదు. పాత కుప్ప కరిగి, వాక్యాల కార్డులు 300 దాటాక మాత్రం వారానికి రెండు అరగంటలు జపనీస్ మాట్లాడే మనిషితో కూర్చోండి. వెళ్ళేముందు ఆ వారం నేర్చిన మాటల్లో ఐదు ఎంచుకుని, అవి వాడకుండా లేవకూడదని పెట్టుకోండి. నోటికి రాకుండా ఆగిపోయిన మాటలు కాగితం మీద రాసుకుని తెచ్చుకుంటే, మర్నాటి కొత్త కార్డులు అవే.