రంపం పట్టే ముందు

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని తీరిగ్గా చూశాను. కార్ల డిక్కీల్లో పెట్టి పాత సామాన్లు అమ్మే కార్ బూట్ సేల్‌లో, బల్ల మీద ఆడే యుద్ధాల ఆటలకి వాడే చిన్న చిన్న పాత సీసపు బొమ్మలు బిస్కెట్ డబ్బా నిండా దొరికాయంటే ఈ రోజుల్లో అదృష్టమే. నువ్వు చివర్న రాసిన మాట చూసే కంగారు పుట్టింది: "ఈ వీకెండ్ అన్నీ కోసి, కలిపి, కొత్తగా చేసేస్తా పెద్దమ్మా" అన్నావు. కాస్త ఆగు. రంగు బాగా రాకపోతే కడిగేసుకోవచ్చు. కోసేసిన బొమ్మ చెయ్యి తిరిగి రాదు, వీటిలో చాలా పోతలు ఇప్పుడు పొయ్యరు కూడా. పాత బొమ్మల విషయంలో నేను పట్టుకునే లెక్క అదొక్కటే: వెనక్కి తీసుకోగలిగిన పనులు ముందు, తీసుకోలేనివి చివర.

ముందు నీ దగ్గర ఏమేం ఉన్నాయో చూసుకో. ఒక్కో బొమ్మనీ తిరగేసి కింద చూడు. పీట కూడా అదే లోహంతో కలిపి పోసి ఉంటే, ఇంగ్లండు బొమ్మల్లో చాలామటుకు 1985కి ముందుది. కాళ్ల కింద సన్నటి పట్టీ ఉండి ప్లాస్టిక్ పీట గాడిలోకి దిగేదైతే ఆ తర్వాతది. ఆ పట్టీ మీద కంపెనీ పేరు, సంవత్సరం, ఒక్కోసారి ఆ పాత్ర పేరు కూడా ఉంటాయి. పక్కనుంచి టార్చి కొట్టి భూతద్దంతో చదువు. అక్కడున్న సంవత్సరం బొమ్మ చెక్కినప్పటిది, పోత ఆ తర్వాత ఎన్నేళ్లకైనా పోసి ఉండొచ్చు. నీ డబ్బాలో ఎక్కువ సిటడెల్ వాళ్లవే. ఆ కంపెనీ 1970ల చివర్లో ఇక్కడ ఇంగ్లండులోనే, మాకు దగ్గర్లో న్యూఆర్క్‌లో మొదలైంది. ఈ నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఇప్పటికీ బొమ్మల కంపెనీలు ఇన్ని ఉండడానికి మూలం అదే. వార్‌హామర్ అనే ఆట 1983లో వచ్చిందే బొమ్మలు ఎక్కువ అమ్ముడుపోవాలని. రెండు మూడు రాల్ పార్థా వాళ్లవీ కనిపించాయి, అవి అమెరికాలో సిన్సినాటివి. పళ్లికిలించిన ఆ గోబ్లిన్ల గుంపు, అదే కథల్లో వచ్చే ఆ పొట్టి పిశాచాలు, మాత్రం కెవిన్ ఆడమ్స్ చేతిపనిలా ఉంది. గోబ్లిన్ మాస్టర్ అని పేరున్న మనిషి. వాటి మొహాల జోలికి పోయావంటే నేను ఊరుకోను.

ఇంక జాగ్రత్తలు. ఇది సీసం, తగరం, ఆంటిమొనీ కలిపిన లోహం. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతి నుంచి నోట్లోకి పోవడం, పొడిగా ముక్కులోకి పోవడం ప్రమాదం. అందుకని వంటగది బల్ల మీద ఈ పని వద్దు. ఆకురాయి పట్టేటప్పుడు నీళ్లు తడుపుతూ రుద్దు, ఆ పొడిని తడి గుడ్డతో ఎత్తు, చీపురు పెట్టకు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని అప్పుడు కాఫీ తాగు. చాలామందికి కుంచె మొన తేలడానికి నాలిక మీద తిప్పే అలవాటుంటుంది. అది నీకు అంటకముందే చెబుతున్నాను, వద్దు. మీ ఫ్రెండు చంటిపిల్లతో వస్తుందన్నావు కదా, ఆ రోజు డబ్బా బీరువా పైకెక్కాలి.

ఇద్దరు ఈటెగాళ్ల కాళ్ల దగ్గర తెల్లటి పొడి కనిపించింది. అది దుమ్ము కాదు, సీసం తినేసుకుపోతోంది. చెక్క నుంచి, అట్టపెట్టెల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, దానికి తోడు తేమ తగిలితే సీసం ఇలా తెల్లగా పొడిబారుతుంది. ఓక్ చెక్క మరీ చెడ్డది. ఆ రెండిటినీ వేరే పెట్టు. గ్లౌజులు వేసుకుని, నీళ్లలో ముంచి పాత టూత్‌బ్రష్‌తో ఆ పొడంతా పోయేదాకా రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, ఆలస్యం చెయ్యకుండా ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, కొట్టెయ్యి. అందమైన ఓక్ షోకేసు కొంటానన్నావు, పుస్తకాలకి కొనుక్కో. వీటికి గాజూ ఇనుమూ ఉన్న బీరువా చాలు.

రంగు ఊడదీసే ముందు ఒక్కసారి ఆలోచించు. నలభై ఏళ్ల కిందట ఎవరో కుర్రాడు హంబ్రోల్ ఎనామిల్ డబ్బాలు ముందేసుకుని ఓపిగ్గా వేసుకున్న రంగులవి. ఆ ఎర్ర అంగీ మాంత్రికుణ్ణి చూడు, కనుబొమలు కూడా దిద్దాడు. అలాంటివి గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి పైన వార్నిష్ వేస్తే చాలు. ఆ మాంత్రికుణ్ణి నువ్వు మళ్లీ వెయ్యాల్సిన పనే లేదని నా ఉద్దేశం. పొరలు పొరలుగా మందంగా పూసి ముక్కూ మొహం తెలియకుండా చేసినవే ఊడదియ్యి.

అందుకు ఇక్కడ అందరూ వాడేది మనింట్లో గాయాలకి రాసుకునే డెట్టాలే, నీళ్లు కలపకుండా. మూతున్న గాజు సీసాలో బొమ్మల్ని ముంచి ఒక రోజు వదిలెయ్యి. తీశాక అసలు మెలకువ ఉంది: నీళ్ల కింద పెట్టకు. కరిగిన రంగుకి నీళ్లు తగిలాయంటే జిడ్డు బంకలా మారి బొమ్మ సందుల్లోకి దిగిపోతుంది, దాన్ని వదిలించడం నరకం. ఇంకో గిన్నెలో కొత్త డెట్టాల్ పోసి అందులోనే బ్రష్‌తో రుద్దు. రంగంతా పోయాకే సబ్బు, నీళ్లు. అసిటోన్ ఇంకా త్వరగా పని చేస్తుంది కానీ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. డబ్బా అడుగున ప్లాస్టిక్ డాళ్లు కొన్ని ఉన్నాయి, ఒకదాన్ని అంటించుకున్న బొమ్మని చూసుకోకుండా అసిటోన్‌లో పడేస్తే డాలు మాయం.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు సంగతి, మార్చడం. మీరు ఆడేది ఫ్రాస్ట్‌గ్రేవ్. అందులో ఒక మాంత్రికుడు, ఒక శిష్యుడు, మహా అయితే ఎనిమిది మంది జీతగాళ్లు. పది బొమ్మలతో అయిపోయే ఆట, ఏ కంపెనీ బొమ్మైనా పెట్టుకోవచ్చు. కాబట్టి డబ్బా అంతా మార్చాల్సిన అవసరం ఎక్కడుంది? ముందు నీ పది మంది ఎవరో కాగితం మీద రాసుకో. దొంగకి ఎవరు సరిపోతారు, విలుకాడు ఎవరు, బరువైన కవచం ఎవరికుంది అని డబ్బాలో వెతుకు. ఏడెనిమిది మంది ఏ మార్పూ లేకుండానే దొరుకుతారు. దొరకని ఇద్దరికోసమే రంపం. ఆ ఇద్దర్నీ కూడా విరిగినవాటిలోంచి, రెండేసి మూడేసి ఉన్నవాటిలోంచి తీసుకో. కత్తి విరిగిన ఆ యోధులు ముగ్గురూ అందుకే పుట్టారనుకో. పెద్ద ట్రోల్ రాక్షసి ఒక్కటే ఉంది, దానికి ఏ లోటూ లేదు, దాన్ని వదిలెయ్యి.

మార్పు ఏదైనా మూడడుగుల దూరం నుంచి తెలియాలి. బెల్టుకి తాళంచెవి అతికిస్తే నీకు తప్ప ఎవరికీ కనపడదు. ఆకారం మారాలి: చేతిలో కత్తి పోయి పొడుగాటి కర్ర రావాలి, వీపు మీద మూట పెరగాలి, తల మీద ముసుగు పడాలి. శిష్యుడు నీ దగ్గర లేడన్నావు. బోడి తల రైతు ఒకడున్నాడు చూడు, వాడికి ముసుగు, చంకలో సంచి, చేతిలో కర్ర పెడితే సరిపోతుంది.

కర్రలకీ ఈటెలకీ సీసం పనికిరాదు, వంగిపోతుంది. ఇత్తడి తీగ వాడు. పిడికిట్లో ఉన్న పాత ఆయుధాన్ని పైనా కిందా తెంపేసి, పిడికిలి మధ్యలో చేతి డ్రిల్లుతో మెల్లగా బెజ్జం చెయ్యి. 0.8 మిల్లీమీటర్ల ములికి చాలు. రెండు వైపుల నుంచీ సగం సగం తొలిస్తే బెజ్జం పక్కకి పోదు. తీగ చివర సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే పలచబడుతుంది, దాన్ని ఆకురాయితో దిద్దితే ఈటె మొన అయిపోతుంది. చేతులూ తలలూ అతికించేటప్పుడు ఒట్టి సూపర్‌గ్లూని నమ్మకు. రెండు వైపులా బెజ్జాలు చేసి మధ్యలో తీగ ముక్క దిగేసి అప్పుడు అంటించు. బరువు ఎక్కువుంటే ఆరల్డైట్.

తల మార్చడం నువ్వనుకున్నంత తేలిక కాదు. పాత బొమ్మల్లో గడ్డం గుండెకి అంటుకుపోయి ఉంటుంది, మెడ అనేదే కనపడదు. నగలు చేసేవాళ్ల సన్న రంపంతో కోసినా రంపం మందమంత లోహం పోతుంది. ఆ ఖాళీని ముసుగుతోనో మఫ్లర్‌తోనో కప్పాలి. ఇంకోటి, ఇప్పటి ప్లాస్టిక్ సెట్లలోంచి చేతులు తెచ్చి పెడదామనుకోకు. ఈ పాతవి 25 మిల్లీమీటర్ల కొలతవి, ఇప్పటివి 28, ఇంకా పైన. కొత్త చెయ్యి పాత భుజానికి తగిలిస్తే వాపొచ్చినట్టు ఉంటుంది. భాగాలు కావాలంటే ఆ కాలపు విరిగిన బొమ్మల్లోంచే తియ్యి.

కప్పడానికి గ్రీన్ స్టఫ్ అనే, కలిపాక గట్టిపడే ముద్ద తెచ్చుకో. పసుపు, నీలం రెండు పట్టీలు సమానంగా కలిపి ఒకే ఆకుపచ్చ వచ్చేదాకా పిసకాలి. మన కొండపల్లి బొమ్మలకి చింతగింజల మక్కు పెట్టి అతుకులు పూడుస్తారు చూడు, దాని పని ఇక్కడ ఇది చేస్తుంది. కలిపిన వెంటనే వేళ్లకి అంటుకుంటుంది. ఓ ఇరవై నిమిషాలు ఆగితే మాట వింటుంది, గంటన్నరకి బిగుసుకోవడం మొదలవుతుంది. పనిముట్టు తడి చేసుకుంటూ నొక్కు. బట్ట మడతలు చెయ్యాలంటే పలచటి రేకులా ఒత్తి పైన పరిచి, మడతలు భుజం దగ్గర మొదలై కిందికి జారేట్టు నొక్కు. ఆరాక కూడా ఇది కాస్త రబ్బరులాగే ఉంటుంది, ఆకురాయికి లొంగదు. పదునైన అంచులకీ, రాళ్లకీ వేల్స్‌లో తయారయ్యే మిల్లిపుట్ అనే ముద్ద నయం, రెండూ సగం సగం కలిపినా బాగుంటుంది. పనిముట్లు కొనకు. డెంటల్ ల్యాబ్‌లో పళ్ల సెట్లు చేసి రిటైరైన దాన్ని, నా మైనం చెక్కే పనిముట్లు ఉన్నాయి. ఈ బొమ్మలు చెక్కేవాళ్లలో చాలామంది వాడేదీ అవే.

రంగుల గురించి నీకు కొత్తగా చెప్పేది తక్కువ, వీడియోలు నాకంటే నువ్వే ఎక్కువ చూశావు. పాతవాటికి ప్రత్యేకమైనవి మాత్రం చెబుతాను. రబ్బరు అచ్చుల్లో తిప్పి పోసిన పోతలివి, పక్కలంట అచ్చు గీతలు లావుగా ఉంటాయి. ప్రైమర్‌కి ముందే కత్తి వెనకవైపుతో గీకెయ్యి, మొహం మీద మాత్రం గట్టిగా గీకకు. ప్రైమర్ పలచగా కొట్టు, ఈ బొమ్మల్లో వివరాలు లోతు తక్కువ, మందం పడితే పూడుకుపోతాయి. నల్ల ప్రైమర్ కొట్టి పైనుంచి తెలుపు చల్లితే ఎక్కడ వెలుగు పడాలో అదే చూపిస్తుంది. మొహం ముందు పూర్తి చెయ్యి. మొహం కుదిరితే మిగతాది సాదాగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. పది మందికీ ఎక్కడో ఒకచోట ఒకే రంగు పడాలి. నీ మాంత్రికుడి అంగీ ఎరుపు కాబట్టి ఒకడికి తలగుడ్డ, ఒకడికి డాలు అంచు అదే ఎరుపు పెట్టు. బల్ల మీద ఎవరి మనుషులో ఇట్టే తెలుస్తుంది.

పాత పద్ధతిలో పీట అంచులకి కొట్టొచ్చే ఆకుపచ్చ రంగు వేసేవాళ్లు. నాకు అదంటే ఇష్టమే, కానీ మీ ఆట జరిగేది మంచు పట్టిన ఊళ్లో. బూడిద రంగు రాళ్లు, మీద కొంచెం మంచు. మంచుకి వంటసోడా వాడమని ఎవరైనా చెబితే వినకు, కొన్నాళ్లకి పసుపుబారుతుంది.

లోహం మీద రంగు త్వరగా పెచ్చులూడుతుంది, ఆటలో పది చేతులు పడతాయి. ముందు మెరిసే వార్నిష్ (గ్లాసీ) ఒక పూత, ఆరాక మెరుపు చంపడానికి మ్యాట్ వార్నిష్. మ్యాట్ స్ప్రే మాత్రం వాన పడుతున్న రోజు, చలి రోజు కొట్టకు, తేమకి తెల్లగా పొగ పట్టినట్టు అయిపోతుంది. లెస్టర్ నవంబర్‌లో అలాంటి మంచి రోజు దొరకదంటావా, కుంచెతో పూసుకో.

చేతి డ్రిల్లు, ఇత్తడి తీగ, పనిముట్లు సోమవారం పోస్టులో వేస్తాను. ఈలోగా డెట్టాల్ పని మొదలుపెట్టుకో. గదిలో వద్దు, షెడ్డులో పెట్టు, లేకపోతే ఇల్లంతా ఆసుపత్రి వాసన వచ్చి మీ హౌస్‌మేట్స్ నిన్ను బయటికి పంపుతారు. అమ్మకి ఫోన్ చేసినప్పుడు బొమ్మలకి ఎంత పెట్టావో చెప్పకు, నన్ను అంటుంది.

మీ పెద్దమ్మ