మా అమ్మాయి ఏ పుస్తకాలు చదివితే పనికొస్తాయి?

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. కానీ చేతికి ఏది దొరికితే అది చదువుతుంది: ఒక వారం డిటెక్టివ్ నవల, మరో వారం సైన్స్ ఫిక్షన్, ఆ తరువాత దెయ్యాల కథలు, ప్రేమ నవలలు. ఒక్కదాని మీద నిలకడ లేదు. మా అన్నయ్య కొడుకు నవలల జోలికే పోడు. విజయ సూత్రాలు, డబ్బు నిర్వహణ, వ్యక్తిత్వ వికాసం పుస్తకాల సారాంశాలను యాప్‌లో రోజుకొకటి చొప్పున పూర్తి చేస్తాడు. ఈ రెండు రకాల చదువుల్లో భవిష్యత్తుకు ఏది మేలో పోల్చి చెప్పండి. కెరీర్‌కు పనికొచ్చే పుస్తకాల జాబితా కూడా ఇవ్వండి. పుస్తకాల గురించి వీడియోలు చేస్తూ దాన్నే వృత్తిగా పెట్టుకుంటానని మా అమ్మాయి ఈ మధ్య అంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తుంది. వివరాలు మారుతుంటాయి గానీ లోపలి భయం మారదు. మీరు పైకి అడిగింది పుస్తకాల గురించే అయినా, ఒక రకం పుస్తకం మీద నిలవని పిల్ల రేపు ఒక చదువు మీద, ఒక ఉద్యోగం మీద నిలుస్తుందా అన్నదే మిమ్మల్ని తొలుస్తున్న సందేహం. కనుక ముందు దానికే జవాబు చెబుతాను. నిలవదని అనుకోవడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారమూ లేదు. ఎవరూ బలవంతం చేయకపోయినా, దాని వల్ల పరీక్షలో ఒక్క మార్కు రాకపోయినా, వారానికో పుస్తకం ఒంటరిగా కూర్చొని చదవగలగడమే నిలకడ. ఆ వయసులో అభిరుచి ఒకచోటి నుంచి మరొకచోటికి పోవడం సహజం. అది మనసు కుదురుగా లేదనడానికి గుర్తు కాదు, తనకు ఏది నచ్చుతుందో వెతుక్కోవడం మాత్రమే.

విద్యుత్ శాస్త్రంలో గొప్ప ఆవిష్కరణలు చేసిన మైకేల్ ఫారడే 1805లో, పద్నాలుగేళ్ల వయసులో, లండన్‌లో ఒక బైండింగు దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరి ఏడేళ్లు అక్కడే గడిపారు. బైండింగుకు ఏ పుస్తకం వస్తే అది చదవడమే ఆయనకు దక్కిన పై చదువు. ఆ పుస్తకాలను ఎవరూ ఆయన కోసం ఎంపిక చేయలేదు. విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ రసాయన శాస్త్రాన్ని సంభాషణల రూపంలో వివరించిన పుస్తకం ఆయనను శాస్త్రం వైపు తిప్పాయి. అరేబియన్ నైట్స్ కథలనూ విజ్ఞాన సర్వస్వాన్నీ ఒకే తేలికతో నమ్మేసే ఊహాశక్తి చిన్నప్పుడు తనకు ఉండేదని, చదివినదాన్ని చిన్న చిన్న ప్రయోగాలతో సరిచూసుకొనే అలవాటే తనను కాపాడిందని ఆయన తరువాత ఒక ఉత్తరంలో రాసుకున్నారు. మీ అమ్మాయి ఫారడే అవుతుందని చెప్పడానికి ఈ ఉదాహరణ ఇవ్వలేదు. రకరకాల పుస్తకాలు చదవడం ఆయనకు అడ్డు రాలేదు, సరిచూసుకొనే అలవాటు దానికి తోడైంది. మీరు గమనించవలసింది ఆ రెండో విషయాన్ని.

డిటెక్టివ్ నవలలు కాలక్షేపమని మీరు అనుకుంటున్నట్టున్నారు. 1977లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో వైద్యులకు అంతుపట్టని జబ్బుతో ఉన్న ఒక పసిబిడ్డకు థాలియం విషం ఎక్కి ఉండవచ్చని మొదట అనుమానించినది ఒక నర్సు. ఆమె అప్పుడు చదువుతున్నది అగాథా క్రిస్టీ 1961లో ప్రచురించిన ‘ది పేల్ హార్స్’ నవల. జుట్టు రాలిపోవడంతో సహా ఆ నవలలో వర్ణించిన లక్షణాలే బిడ్డలో కనిపించడంతో ఆమె ఆ సంగతి వైద్యులకు చెప్పగా, పరీక్షల్లో అది నిజమని తేలి బిడ్డ కోలుకుంది. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రిలో మందులు కలిపి ఇచ్చే విభాగంలో పనిచేసిన మనిషి కాబట్టి విషాల గురించి తెలిసి రాశారు. ఏ పుస్తకం ఎప్పుడు పనికొస్తుందో జాబితా తయారుచేసే నాలాంటి వారికి ముందుగా తెలియదు.

నిత్యం జరిగే ప్రయోజనం దీనికంటే మామూలుది, కానీ దీనికంటే నమ్మదగినది. పుస్తకం రకం మారినప్పుడల్లా చదివే పద్ధతి కూడా మారవలసి వస్తుంది. అపరాధ పరిశోధన కథ చదివేటప్పుడు రచయిత ఏ వివరాన్ని కావాలని దాచిపెడుతున్నారో కనిపెట్టాలి. సైన్స్ ఫిక్షన్‌లో లోకపు నియమాల్లో ఒక్కదాన్ని మార్చి, దాని పర్యవసానాలు ఎంత దూరం పోతాయో వెంబడించాలి. నాటకంలో మాటలు తప్ప మరేమీ ఉండవు కనుక మాట్లాడేవారి ఉద్దేశాన్ని మనమే గ్రహించుకోవాలి. చరిత్ర చదివేటప్పుడు ఈ సంగతి ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడుగుతూ పోవాలి. వకీలుకైనా ఇంజినీరుకైనా ఈ నేర్పులు ఏదో ఒక దశలో అవసరపడతాయి. దెయ్యాల కథల వల్ల కెరీర్‌కు లాభమేమిటని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. అవి సరదాగా ఉంటాయి, అది చాలు.

అయితే మీ అమ్మాయి పక్షాన కూడా ఒక లోపం ఉన్నది, దాన్ని దాచను. అమెరికా గ్రంథాలయ నిపుణుడు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణ ప్రకారం గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ 000 నుంచి 999 వరకు పది పెద్ద తరగతులుగా సర్దుకుంటాయి. అందులో సాహిత్యానిది 800. మీరు నాలుగు రకాలుగా లెక్కపెట్టిన డిటెక్టివ్, సైన్స్ ఫిక్షన్, దెయ్యాల కథలు, ప్రేమ నవలలు ఆ లెక్కన పదింటిలో ఒక్క తరగతికి చెందినవే. చాలా గ్రంథాలయాల్లో నవలలను విడి అరల్లో పెడతారు కనుక ఈ సంగతి కంటికి కనబడదు. చట్టం, ఆర్థిక వ్యవహారాలు, విద్య 300లో ఉంటాయి; గణితం, ప్రకృతి శాస్త్రాలు 500లో, వైద్యం, ఇంజినీరింగు, వ్యవసాయం 600లో, చరిత్ర, యాత్రలు 900లో. ఆమె మరీ ఎక్కువ రకాలు చదువుతోందని మీరు బాధపడుతున్నారు గానీ, నిజానికి ఆమె చూడని అరలు ఇంకా తొమ్మిది మిగిలి ఉన్నాయి.

మీ అన్నయ్య కొడుకు సంగతి ఇంతకంటే ఇరుకైనది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలలో ఎక్కువ భాగం 158 అనే ఒక్క సంఖ్య కింద ఉంటాయి, వ్యక్తిగత డబ్బు నిర్వహణ 332లో ఉంటుంది. లోకమంతా ఇప్పుడు ఆ బాటనే మెచ్చుకుంటున్నది కనుక దాని మీద నాకున్న సందేహాలను కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఈ తరహాకు పేరు తెచ్చిన శామ్యూల్ స్మైల్స్ పుస్తకం ‘సెల్ఫ్ హెల్ప్’ 1859లో వచ్చింది. అందులో చాలా భాగం ఇంజినీర్లు, చేతివృత్తుల వారు, వ్యాపారులు కష్టపడి పైకి వచ్చిన జీవిత కథలే. అప్పటి నుంచి పద్ధతి పెద్దగా మారలేదు. గెలిచిన వారిని ఏరి, వారి అలవాట్లను వరుసగా రాసి, ఆ అలవాట్ల వల్లనే గెలిచారని చెప్పడం దాని తీరు. అదే అలవాట్లతో, అంతే కష్టంతో బతికి ఓడిపోయిన వారి మీద పుస్తకాలు రావు కనుక, ఆ అలవాటుకూ ఆ గెలుపుకూ సంబంధం ఉన్నదో లేదో పాఠకుడికి తెలిసే దారి లేదు. చక్రవడ్డీ ఎలా పెరుగుతుంది, అలవాటు ఎలా స్థిరపడుతుంది వంటి కొన్ని విషయాలు ఈ పుస్తకాల్లో నిజంగా తెలుసుకోదగినవి. వాటికి ఒకటి రెండు మంచి పుస్తకాలు సరిపోతాయి, ఆ తరువాత వచ్చేవన్నీ దాదాపు అవే మాటలు.

సారాంశాల యాప్ ఈ కష్టాన్ని రెట్టింపు చేస్తుంది. అసలు పుస్తకంలో రచయిత తన మాటకు సాక్ష్యంగా చూపినవి, మినహాయింపులు, తడబడిన చోట్లు ఉంటాయి. వాటిని తీసేస్తే మిగిలేది తీర్పు ఒక్కటే, వాదన ఉండదు. వాదనను తూచడం నేర్చుకోవడానికే కదా మనం పిల్లలను చదవమనేది! నాయకత్వం మీద పది వాక్యాలు తడుముకోకుండా చెప్పగలిగి, మూడు పేజీల వ్యాసం ఇచ్చి ఇందులో రచయిత ఏ విషయంలో అనుమానంగా ఉన్నారో చెప్పమంటే తెల్లబోయే విద్యార్థులు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. వారిలో తెలివికి లోటు లేదు. వడకట్టిన ముక్కలు తప్ప మరేదీ వారి చేతికి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

స్మైల్స్ పుస్తకం వచ్చిన ఆ 1859లోనే, అదే ప్రచురణకర్త జాన్ ముర్రే, చార్లెస్ డార్విన్ జాతుల ఉత్పత్తి గ్రంథాన్ని కూడా ప్రచురించారు. ఆ డార్విన్ తన ఆత్మకథలో, ముప్పై ఏళ్ల వరకు తనకు కవిత్వం ఎంతో ఇష్టంగా ఉండేదని, తరువాత ఒక్క పంక్తిని కూడా చదవలేని స్థితి వచ్చిందని, మళ్లీ బతికే అవకాశం ఉంటే వారానికి ఒకసారైనా కవిత్వం చదవాలని, సంగీతం వినాలని నియమం పెట్టుకొనేవాడినని విచారంగా రాశారు. నవలలను మాత్రం ఆయన చివరి దాకా ఇంట్లో వారి చేత చదివించుకొని విన్నారు. పనికొచ్చేది మాత్రమే చదవాలనే నియమాన్ని మీరు పదహారేళ్ల పిల్ల మీద పెట్టబోతున్నారు కనుక ఈ సంగతి మీకు చెప్పాను.

ఇక్కడ మీతో కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. మీ ఉత్తరంలో మీ అమ్మాయి చదివిన ఒక్క పుస్తకం పేరైనా లేదు. రకాల పేర్లే ఉన్నాయి, అంటే మీరు అట్టలు చూసి లెక్క వేశారే తప్ప, ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది అని ఆమెను కూర్చోబెట్టి అడగలేదు. పైగా ఆమెను దాయాదితో పోలుస్తున్నారు. ఆ పోలిక ఆమె చెవిన పడకుండా ఉంటుందని మీరు అనుకుంటే పొరపాటు. పిల్లలు ఇటువంటివి మనకంటే ముందే పసిగడతారు. తనకు ఇష్టమైనది ఇంట్లో తప్పుగా లెక్కకు వస్తున్నదని తెలిసిన పిల్ల పుస్తకాలు మానదు, మీతో మాట్లాడటం మానుతుంది. కెరీర్ నిర్ణయాలు తీసుకోవలసిన ఈ రెండేళ్లలో మీకు ఆ నష్టమే పెద్దది.

పోల్చి చెప్పమన్నారు కనుక క్లుప్తంగా చెబుతాను. నవలలు చదివినంత మాత్రాన ఉద్యోగం రాదు, విజయ సూత్రాలు చదివినంత మాత్రానా రాదు. భాషను, ఓపికను, ఇతరుల మనసును అర్థం చేసుకొనే శక్తిని పెంచడంలో మాత్రం పూర్తిగా చదివిన నవలకు సారాంశం సాటి రాదని నా అభిప్రాయం.

జాబితా ఇవ్వను. దానికి బదులు మీ అమ్మాయికి ఒక పని చెబుతాను: నెలకు ఒక్క పుస్తకమైనా 800 కాని తరగతి నుంచి తీసుకోవాలి, మిగిలినవి ఆమె ఇష్టం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఫారడే పిల్లల కోసం ఇచ్చిన కొవ్వొత్తి ఉపన్యాసాల పుస్తకం 500లో దొరుకుతుంది. వెలుగుతున్న ఒక్క కొవ్వొత్తిని పట్టుకొని రసాయన శాస్త్రమంతా తిరిగి వస్తారు. ఆ తరువాత వైద్యులు, న్యాయమూర్తులు, ఇంజినీర్లు, ఉపాధ్యాయులు తమ వృత్తి గురించి స్వయంగా రాసుకున్న అనుభవాలు చదవమనండి. ఒక వృత్తిలో మామూలు రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవడానికి కాలేజీల కరపత్రాల కంటే అవి ఎంతో నయం. వాటిని కూడా గెలిచిన వారే రాస్తారన్నది గుర్తుంచుకొని చదవాలి. ఏ పుస్తకమైనా యాభై పేజీలకు కూడా పట్టు చిక్కకపోతే నిస్సంకోచంగా వదిలేయవచ్చు.

వీడియోల విషయానికి వస్తే, సరదాగా చేస్తానంటే అడ్డు చెప్పకండి. మాట్లాడటం, కూర్చడం, చెప్పదలచుకున్నదాన్ని కుదించడం నేర్చుకుంటుంది. వృత్తిగా మాత్రం నాకు నమ్మకం లేదు. అక్కడి ఆదాయం ప్రకటనల మీద, పుస్తకాల అమ్మకాల్లో దక్కే కొద్దిపాటి కమిషన్ మీద, ప్రచారం కోసం ప్రచురణకర్తలు ఇచ్చే డబ్బు మీద ఆధారపడుతుంది. వాటిలో ఏదీ చేసేవారి చేతుల్లో ఉండదు. ఏ వీడియో ఎందరికి చేరాలో నిర్ణయించే అల్గారిథమ్‌కు వారానికి అయిదు పుస్తకాల అట్టలు చూపించేవారు ఇష్టం, ఒక పుస్తకంతో నెల రోజులు గడిపేవారు కాదు. ఒక రకం పుస్తకాలతో చూసేవారు పెరిగాక మరో రకం వైపు వెళితే వారు జారిపోతారనే భయం కూడా పట్టుకుంటుంది. ఇన్ని రకాలు చదివే పిల్లకు అది నిజంగా బోను. ఆమెకు నేను పెట్టే షరతు ఒకటే: ఏడాది పాటు చదివిన ప్రతి పుస్తకం మీద కెమెరా లేకుండా ఒక పేజీ రాయాలి. రాయడంలో ఆనందం ఉంటే ఆమెకు కావలసినది పుస్తకాల లోకంలోని మరో పని కావచ్చు.

అటువంటి పనులు ఉన్నాయి: ప్రచురణ సంస్థల్లో సంపాదకత్వం, ప్రూఫ్ సరిదిద్దడం, అనువాదం, హక్కుల ఒప్పందాలు చూడటం, గ్రంథాలయ సమాచార శాస్త్రం, పాత్రికేయం. సంపాదకుల రోజులో చదవడం కంటే దిద్దడం, గడువుల కోసం రచయితల వెంటపడటం ఎక్కువ. ప్రారంభంలో జీతాలు చాలా చోట్ల తక్కువ, మామూలు అనువాదాల్లో కొంత భాగాన్ని యంత్రాలు ఇప్పటికే తీసుకున్నాయి. అందుకే ఈ దారి పట్టేవారికి సాహిత్యంతో పాటు చట్టం, ఆర్థిక శాస్త్రం, జీవశాస్త్రం వంటి మరో విషయంలో గట్టి పట్టు ఉండాలని నేను చెబుతాను. వైద్య గ్రంథాన్ని దిద్దగల సంపాదకులు, ఒప్పందాలను తర్జుమా చేయగల అనువాదకులు దొరకడం కష్టం కనుక వారికి గిరాకీ ఉంటుంది. ఆ రెండో విషయం ఏమిటో ఈ రోజే తేల్చవలసిన పని లేదు. పన్నెండో తరగతి మొదలయ్యే నాటికి ఆమె 300, 500, 600 అరల నుంచి కొన్ని పుస్తకాలు చదివి, వాటి మీద పేజీలు రాసి ఉంటుంది. ఏ అర దగ్గరకు ఎవరూ చెప్పకుండానే రెండోసారి వెళ్లిందో చూసి, ఆ పేజీలను వెంట తీసుకొని ఇద్దరూ నా దగ్గరకు రండి, డిగ్రీ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.