జలుబుకి కషాయం సరే, ఎనిమిది నెలల బాబుకి తేనె ఎందుకమ్మా?

ప్రశ్న: వారం నుంచి మా ఇంట్లో అందరికీ జలుబు, దగ్గు, ఒళ్లునొప్పులు. మా అత్తగారు (66 ఏళ్లు, బీపీ ఉంది) తులసి, మిరియాలు, శొంఠి, అతిమధురం వేసి రోజూ కషాయం కాస్తున్నారు. ఆవిడ రెండు పూటలా తాగుతారు. ఎనిమిది నెలల బాబుకి తేనెలో వస అరగదీసి నాకిస్తున్నాం, కొబ్బరినూనెలో కర్పూరం కాచి ఛాతీకి రాస్తున్నాం. నాలుగు రోజులుగా వాడికి జ్వరం వస్తూ పోతూ ఉంది. కషాయం పరగడుపున తాగాలా, తిన్నాక తాగాలా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఎప్పుడు తాగినా పర్వాలేదు, కడుపులో మంట ఉంటే తిన్నాక తాగండి. గొంతుకు హాయిగా ఉంటుంది, అంతే. వైరస్‌ని చంపదు.

నాకు టెన్షన్ అంతా బాబు గురించే. ముందు ఆ తేనె ఆపండి. తేనెలో ఒక్కోసారి బొటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఏమీ చేయలేవు. ఏడాది నిండని పిల్లల్లో మాత్రం పెరిగి విషం తయారుచేస్తాయి. మలబద్ధకంతో మొదలై, పాలు పీల్చే ఓపిక తగ్గి, మెడ వాలిపోతుంది. అరుదైన జబ్బే, కానీ వస్తే ఊపిరికే ముప్పు. తేనెని ఇంట్లో కాచినా ఆ బీజాలు చావవు. వస కూడా వద్దు. కర్పూరం అంతకన్నా ప్రమాదం: పసిపిల్లల ఒంట్లోకి చర్మం నుంచి, వాసన నుంచి కూడా వెళుతుంది, ఫిట్స్ తెప్పించగలదు. ఒంటికి రాసిన నూనె సబ్బుతో కడిగేయండి. వేడినీళ్ల గిన్నె దగ్గర ఒళ్లో కూర్చోబెట్టి ఆవిరి పట్టించే పని అసలే వద్దు. ఒలికితే కాలిపోతాడు.

ఇప్పుడే ఒక పని చేయండి. వాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఈ వయసులో 50 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా నాలుగు రోజుల జ్వరం కాబట్టి ఈరోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఈలోగా తల్లిపాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. ముక్కు మూసుకుపోతే పాలకు ముందు సెలైన్ చుక్కలు వేయండి. పెద్దపిల్లలకి రాసిన సిరప్ ఇంట్లో ఉంటే వాడికి పోయొద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద ముద్రించాలని 2023 డిసెంబరులోనే కేంద్రం ఆదేశించింది.

నాలుగు రోజులు ఎందుకు ఆగారమ్మా? "ఇంకో పూట చూద్దాం" అన్న మాట నేను రోజూ వింటున్నాను. పెద్దవాళ్లు చూడొచ్చు, పసివాళ్లకి ఆ వ్యవధి ఉండదు. ఇది ఫ్లూ అయితే, దానికి ఇచ్చే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అవసరమైతే తర్వాత కూడా ఇస్తాం, కానీ ఫలితం తగ్గుతుంది. ఫ్లూ ముదిరిపోయే భయం ఎక్కువగా ఉండేది మీ బాబు లాంటి చిన్నపిల్లలకి, మీ అత్తగారి లాంటి పెద్దవాళ్లకి.

ఆవిడ కషాయంలో అతిమధురం తీసేయండి. రోజూ తాగితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్ర వాడుతుంటే ఇంకా జాగ్రత్త. నీరసం, కాళ్ల పిక్కలు పట్టేయడం, గుండెదడ ఉంటే రక్తపరీక్ష అవసరం కావచ్చు.

చూడకుండా ఇంతకంటే చెప్పడం సరికాదు. వెళ్లేటప్పుడు ఆ వసకొమ్ము, నూనె సీసా, ఇప్పటిదాకా వేసిన మందులు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. డాక్టర్ కోప్పడతారని ఏదీ దాచొద్దు. అత్తగారిని కూడా వెంటబెట్టుకెళ్లి బీపీ చూపించండి.